రెండో దెబ్బ

పాత తుపాకి స్ప్రింగు చచ్చిపోయిందని నార్మన్ పియర్ట్ లోయంతా చెప్పుకొచ్చాడు. అది అబద్ధం. స్ప్రింగు నిక్షేపంగా ఉంది. చచ్చినవి అతని వేళ్లు.

వియర్ నది పుట్టే ఆ ఎత్తు లోయలో, సున్నపురాతి క్వారీలో పనిచేసినవాళ్లకి ఈ వేళ్ల సంగతి కొత్త కాదు. డ్రిల్లు పట్టుకుని రోజల్లా కొండకి బెజ్జాలు వేస్తే ఆ అదురు సగం కొండలోకి పోతుంది, సగం మనిషిలోకి వస్తుంది. కొండలోకి పోయింది పేలి రాయవుతుంది, లారీ ఎక్కి వెళ్లిపోతుంది. మనిషిలోకి వచ్చింది అక్కడే కూర్చుంటుంది. మనిషి పింఛను పుచ్చుకున్నాక ఏదో ఒక చలి పొద్దున అతని వేళ్ల చివర్లు కొవ్వొత్తుల్లా తెల్లబడతాయి. టీ కప్పు చేతిలో ఉందో లేదో కళ్లతో చూసి తెలుసుకోవాలి. చొక్కా గుండీలు భార్య పెట్టాలి. ఆ లోయలో మగవాళ్లు దీన్ని గురించి మాట్లాడుకోరు. చేతులు జేబుల్లో పెట్టుకుంటారు.

నార్మన్‌కి జేబులు చాలలేదు. ఎందుకంటే అతను లోయలోకెల్లా గురి ఉన్నవాడు. క్వారీ నుంచి వచ్చాక అతనికి మిగిలిన పేరు అదొక్కటే.

గాలి తుపాకుల్లో చాలా రకాలున్నాయి. సీసాలో నింపిన గాలితో పేలేవి ఈమధ్య వచ్చాయి. స్ప్రింగు తుపాకి ఆ జాతి కాదు. గొట్టాన్ని మధ్యలో విరిచి కిందికి లాగితే లోపలి స్ప్రింగు నొక్కుకుని ఆగుతుంది; దీన్నే ఎక్కుపెట్టడం అంటారు. ట్రిగ్గర్ నొక్కగానే అది ముందుకు దూకి గాలిని తోస్తుంది, గాలి సీసపు గుండుని తోస్తుంది. అంటే ప్రతి దెబ్బకీ బలం కొట్టేవాడి చేతిదే, ఒక క్షణం ముందు దాచిపెట్టుకున్నది. మందుగుండు కనిపెట్టి మనుషులు తమ బలంతో పని లేకుండా చంపడం నేర్చుకున్నారు గానీ, ఈ ఒక్క తుపాకి మాత్రం పాత విల్లు లాగానే ఉండిపోయింది. నీ చేతిలో లేనిది అది నీకు ఇవ్వదు.

ఇక కుందేళ్లు. అవి ఆ నేలవి కావు. వందల ఏళ్ల కిందట మాంసానికీ బొచ్చుకీ పరాయి దేశం నుంచి తెచ్చి, మఠాల్లో సన్యాసులు దొడ్లు కట్టి, వానకి తడుస్తాయేమోనని మెత్తటి మట్టి దిబ్బలు పోసి, కాపలాలు పెట్టి మరీ సాకారు. ఆ ముద్దుబిడ్డల సంతానం ఇప్పుడు కొండంతా తవ్వుతోంది. మార్చిలో మంచు కరిగి మొదటి పచ్చిక లేస్తే అది ఈనబోయే గొర్రెలకి దక్కాలి. కుందేళ్లకి దక్కితే రైతు దాణా కొనాలి. అందుకని కొండ మీద రైతులు గురి ఉన్న మనిషికి ఒక మాట ఇస్తారు: నా పొలంలో కొట్టుకో. కాగితం ఉండదు. తండ్రి ఇచ్చిన మాట కొడుకు నిలబెడతాడు, కొడుకు పోతే కోడలు నిలబెడుతుంది.

ఎల్సీ రేన్ అలాంటి కోడలే. మామగారు పోయాడు, మొగుడు పోయాడు, గొర్రెలూ గోడలూ మిగిలాయి. నార్మన్‌కి ఆమె మామగారు ఇచ్చిన మాట అలాగే ఉంచింది. ఆ మాటకి బదులుగా కొట్టినవాడు ఒక కుందేలుని రైతు ఇంటి మెట్టు మీద పెట్టి వెళ్లాలి. దాని తల గుమ్మం వైపు ఉండాలి. ఎందుకంటే తలుపు తీసిన ఇల్లాలికి ముందు గాయం కనిపించాలి. కంటికీ చెవికీ మధ్య చిన్న బొట్టంత ఉంటే అది తెలియకుండా చచ్చింది. ఇంకెక్కడున్నా ఆ మనిషిని మళ్లీ పిలవాలా వద్దా అని ఆమె ఆలోచించుకుంటుంది. ఇన్నేళ్లలో నార్మన్ పెట్టిన ఏ కుందేలు గురించీ ఎల్సీ ఆలోచించుకోవాల్సి రాలేదు.

కిందటి చలికాలం నుంచి అతను పాత తుపాకిని ఎక్కుపెట్టలేకపోతున్నాడు. ఆ సంగతి కొట్టం గోడలకి తప్ప ఎవరికీ తెలియదు.

డగీ దుకాణం లోయ కింద బజారులో ఉంది. గాలపు కర్రలు, కుక్క బిస్కెట్లు, రబ్బరు బూట్లు, గోడ పొడుగునా తుపాకులు, మధ్యలో కిరసనాయిలు పొయ్యి. పొయ్యి పక్కన స్టూలు మీద లెన్ బెయిన్‌బ్రిడ్జ్. లెన్ కూడా క్వారీవాడే, నార్మన్ పక్కనే డ్రిల్లు పట్టినవాడు. ఇప్పుడు కొనేదేమీ లేకపోయినా రోజూ వచ్చి, చేతులు జేబుల్లో పెట్టుకుని, వచ్చినవాళ్ల మీద నోరు పారేసుకుంటూ కూర్చుంటాడు. డగీ అతన్ని దుకాణం సామాను కిందే లెక్కేశాడు.

"పాతది పోయిందటగా!" అన్నాడు లెన్. "ఇంక కుందేళ్లన్నీ చర్చికెళ్లి దండం పెట్టుకుంటాయి."

"కొత్తది కొనేదాకా పెట్టుకోనీ," అన్నాడు నార్మన్. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి చేతులు చాపాడు. బయట చలిగా ఉంది కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు.

డగీ మనిషి మంచివాడు, సరుకు తెలిసినవాడు. కింది వరసలోంచి ఒక పొట్టి తుపాకి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది చూడు నార్మన్. తేలిక. బీచి చెట్టు కర్ర. గొట్టం ఇలా వేలితో లాగినట్టు వస్తుంది. రోజంతా కొండెక్కినా భుజం నొప్పుట్టదు."

నార్మన్ దాన్ని చూశాడు. చూడగానే తనకి కావలసింది అదేనని తెలిసిపోయింది. ఆకలిగా ఉన్నవాడికి రొట్టె వాసన తెలిసినట్టు తెలిసింది. చెయ్యి చాపబోయాడు.

"డగీ, నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు లెన్. "అది ఐవీకి చూపించవోయ్. చర్చి తిరనాళ్లలో రేకు బాతుల్ని కొట్టడానికి బాగుంటుంది."

నార్మన్ చాపిన చెయ్యి దారిలోనే మనసు మార్చుకుని పై వరస వైపు తిరిగింది. "మా ఆవిడ పుట్టినరోజుకి చెప్తాలే," అన్నాడు, అందరికంటే గట్టిగా నవ్వుతూ. "ఆ పైది దించు."

పైది జర్మనీ తుపాకి. వాల్‌నట్ కర్ర, పొడుగాటి గొట్టం, చేతిలోకి తీసుకుంటే గడ్డపారంత బరువు.

"లావు గుండా, సన్న గుండా?" అన్నాడు డగీ.

"లావుదే. సన్నది దూరం వెళ్తుంది గానీ, కుందేలుకి లావుదే దెబ్బ."

"దుర్భిణి బిగించమంటావా?"

"కళ్లు బానే ఉన్నాయి నాకు." ఆ పూట అతను చెప్పిన నిజం అదొక్కటే.

డగీ గొంతు తగ్గించాడు. "చూడు, రెండూ చట్టం గీసిన గీత కిందే. అంతకంటే జోరుగా కొట్టేవాటికి లైసెన్సు కావాలి. దీనికి స్ప్రింగు బిరుసు, బరువెక్కువ, అంతే. నువ్వు కొట్టే దూరంలో కుందేలుకి తేడా తెలీదు."

"కుందేలుకి తెలీదు, మనిషికి తెలుస్తుంది," అన్నాడు లెన్ స్టూలు మీంచి.

నార్మన్ పొయ్యి దగ్గర ఇంకాసేపు నిలబడ్డాడు. వేళ్లలోకి కొంచెం రంగు వచ్చింది. తుపాకి కర్రని తొడకి ఆనించి, గొట్టాన్ని పట్టుకుని, పళ్లు బిగించి లాగాడు. భుజంలో ఏదో కలుక్కుమంది, తుపాకిలో టక్కుమంది. ఎక్కింది. వెనక ఇసక డబ్బాలోకి కొట్టాడు.

"ఇంకోసారి ఎక్కుపెట్టి చూడు. కొత్తది, పట్టు తెలియాలి," అన్నాడు డగీ.

"ఒక్కసారి చాలు. రెండో దెబ్బ నాకెప్పుడు పట్టింది?"

"అదీ మాట!" అన్నాడు లెన్. నార్మన్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఇంట్లో ఆ తుపాకి మూడు పొద్దుల పాటు గోడకి ఆనుకునే ఉంది. నాలుగో పొద్దున ఐవీ బొగ్గు కోసం కొట్టంలోకి వెళ్లేసరికి, మొగుడు గొట్టం మీద మోకాలేసి, ఏదో పందిని పడగొడుతున్నట్టు పెనుగులాడుతున్నాడు. ఐవీ ఆస్పత్రి లాండ్రీలో తడి దుప్పట్లు పిండి పిండి బతికిన మనిషి. బొగ్గు బకెట్టు కింద పెట్టి, తుపాకి లాక్కుని, నడుముకి ఆనించి ఒక్క ఊపున లాగింది. టక్కుమంది.

"ఇదేనా? దీనికా ఇంత యుద్ధం?"

నార్మన్ నేల చూపులు చూస్తూ తుపాకి పుచ్చుకున్నాడు. "చలికి బిగుసుకుంది."

"తుపాకా, నువ్వా?" అంది ఐవీ. బొగ్గు బకెట్టు అందుకుని గొంతు మార్చింది. "సరేలే. పొద్దున్నే నేను ఎక్కుపెట్టి ఇస్తాను, పట్టుకుపో. కానీ ఆ కొండ మీద రెండో దెబ్బ కావాల్సొస్తే ఎవరు ఎక్కుపెడతారు?"

"కావాల్సి రాదు."

ఎక్కుపెట్టిన తుపాకిని మోసుకు తిరిగేవాడు మూర్ఖుడని ఊళ్లో తుపాకి క్లబ్బులో కొత్తవాళ్లకి పాఠం చెప్పేవాడు అతనే. స్ప్రింగు అలసిపోతుంది, కాలు జారితే ఎవడి ప్రాణమో పోతుంది. ఇప్పుడతను గొట్టం మూయకుండా, గుండు పెట్టకుండా, విరిచే పట్టుకెళ్తున్నాను కదా, ఇది వేరు అని తనకి తాను చెప్పుకున్నాడు. తెల్లారకముందే వెనక సందులోంచి వెళ్లాడు. ఎదురైన పాలవాడికి తుపాకి కనిపించకుండా కోటు కప్పాడు. మొదటి రెండు పొద్దులూ గురి తప్పలేదు. ఒక్క దెబ్బ, ఒక్క కుందేలు, ఎల్సీ మెట్టు మీద తల గుమ్మం వైపు. తిరిగొస్తూ ఈల కూడా వేశాడు. దొంగతనం రెండుసార్లు సాగితే మూడోసారి అది ఉద్యోగంలా కనిపిస్తుంది.

మూడోసారి మంచు గట్టిగా కురిసింది. ఎండ మొదట తగిలే రాతిగోడ వారన ఒక కుందేలు చెవులు వెనక్కి వేసుకుని కూర్చుంది. నార్మన్ గేటు వెనక మోకాళ్ల మీద వాలి, గుండు పెట్టి, గొట్టం మూశాడు. స్ప్రింగు తుపాకిని బిగించి పట్టుకోకూడదు. అది పేలేముందు లోపల ఒకసారి ఉలిక్కిపడుతుంది. దాన్ని ఉలిక్కిపడనివ్వాలి, చేతిలో పిట్టని పట్టుకున్నట్టు వదులుగా పట్టుకోవాలి. ఇదీ అతని పాఠమే. కానీ ఎంత బిగించాడో చెప్పాల్సిన వేళ్లకి ఆ పొద్దున ఏమీ తెలియడం లేదు. కొయ్యబారిన చేతులు కర్రని పీక పిసికినట్టు పట్టుకున్నాయి. తుపాకి ఉలిక్కిపడింది, పక్కకి గుంజింది.

కుందేలుకి గొంతుందని చాలామందికి తెలియదు. బతికినన్నాళ్లూ అది నోరు తెరవదు. నార్మన్ కూడా దాని గొంతు విని చాలా ఏళ్లయింది. ఈ కుందేలు పసిబిడ్డ ఏడ్చినట్టు అరుస్తూ, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ, గోడ మొదట్లో సందులో దూరిపోయింది.

అప్పుడతనికి మొదట వచ్చిన ఆలోచన కుందేలు గురించి కాదు. ఎవరైనా విన్నారా అని. కొండంతా కలియజూశాడు. ఎవరూ లేరు. ఆ ఊరట గుండెలోకి దిగీ దిగకముందే దాని వెనకే సిగ్గు కూడా దిగింది, అక్కడే ఉండిపోయింది.

గోడ లోపల్నుంచి అరుపు వస్తూనే ఉంది. నార్మన్ గొట్టాన్ని విరిచి లాగాడు. సగం దాకా వచ్చి జారిపోయింది. తొడకి ఆనించాడు. గేటు కమ్మీకి తగిలించి ఒంటి బరువంతా వేశాడు. గొట్టం ఎగిరొచ్చి చుబుకానికి తగిలింది. నెత్తురు కారింది గానీ వేళ్లకి అది వెచ్చగా ఉందో లేదో కూడా తెలియలేదు. తుపాకి గడ్డిలో పారేసి గోడ మీద పడ్డాడు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ అది, ఎల్సీ మామగారి తాత కట్టింది. పై రాళ్లు దొర్లించాడు. కింద రాళ్లు పీకాడు. చెయ్యి లోపలికి పెట్టాడు గానీ తగిలింది బొచ్చో రాయో తెలియలేదు.

"నా గోడతో నీకేం తగాదా నార్మన్?"

ఎల్సీ దాణా సంచి భుజాన వేసుకుని వెనకే నిలబడి ఉంది. కుక్క ఆమె కాళ్ల దగ్గర కూర్చుని గోడ వైపు చెవులు రిక్కించింది. ఎల్సీ కూడా విన్నది. ఆమె మొహంలో ఏమీ మారలేదు.

"మరింక ఆలస్యమెందుకు? కొట్టు. సందులోంచి తల కనిపిస్తోందిగా."

"స్ప్రింగు బిగుసుకుంది."

"కొత్తదని చెప్పావు."

"కొత్తదే. అందుకే..."

ఎల్సీ సంచి దించింది. అతని చుబుకం చూసింది, గడ్డిలో తుపాకి చూసింది, ఆఖరుకి చేతులు చూసింది. అతను వాటిని వెంటనే జేబుల్లోకి తోశాడు. అలా తోయకుండా ఉంటే ఆమెకి అర్థం కాకపోయేదేమో. ఆమె తుపాకి తీసుకుని, నేలకి రాసుకునే గేటు తెరిచినట్టు మామూలుగా లాగి ఎక్కుపెట్టి, అతనికి అందించింది. అతను గుండ్ల డబ్బా తెరిస్తే గుండ్లన్నీ గడ్డిలో ఒలికిపోయాయి. ఎల్సీయే వంగి ఒకటి ఏరి గొట్టంలో పెట్టి మూసింది. కొట్టడం మాత్రం అతనికే వదిలింది.

అతను కొట్టాడు. కొండ నిశ్శబ్దమైంది.

"పొద్దున్న ఎవరు ఎక్కుపెట్టారు దీన్ని?"

"ఐవీ."

"ఎక్కుపెట్టిందాన్ని ఊరంతా మోసుకుని, ఈనబోయే నా గొర్రెల మధ్యలోంచి వచ్చావా?"

"గొట్టం విరిచే పట్టుకున్నాను..."

"విరిచే!" అంది ఎల్సీ. తిట్టినా బాగుండేది. "మామగారు నీకిచ్చిన మాట నేనెందుకు ఉంచానో తెలుసా? కుందేళ్లు తగ్గుతాయని కాదు. అవెలాగూ తగ్గవు. నా పొలంలో అరుపు వినపడదని. నేను ఒక్కదాన్నే ఉంటాను నార్మన్. కిటికీ తీసి పడుకుంటాను."



గోడ ఆమే కట్టుకుంది. అతను రాయి అందించబోతే, "వద్దు, కాలి మీద వేసుకుంటావు, కూర్చో," అంది. బతుకంతా రాయి పగలగొట్టినవాడు దాణా సంచి మీద కూర్చుని, ఒక ఆడమనిషి తన కోసం రాళ్లు మోస్తుంటే చూశాడు. అయిపోయాక ఆమె చేతులు దులుపుకుని కుందేలు వైపు చూపించింది.

"మెట్టు మీద పెట్టి వెళ్లు."

"దీన్నా?"

"ఇదీ నా పొలంలోదే."

పెట్టాడు. తల గుమ్మం వైపు. వెనక భాగం నెత్తురంతా పైకే కనిపించేలా. తిప్పి పెట్టాలని చెయ్యి లాగింది గానీ తిప్పలేదు. ఎల్సీ వెనక నుంచి అంది: "మళ్లీ రావాలంటే రా. ఏ తుపాకి తెస్తావని అడగను. నా గుమ్మం ముందు రెండుసార్లు ఎక్కుపెట్టి చూపించాకే పొలంలోకి దిగు."

ఇంటికొచ్చాక ఐవీ అతని చుబుకం తుడుస్తూ ఒక్కటే అడిగింది. "రెండో దెబ్బ కావాల్సొచ్చిందా?" అతను తలూపాడు. ఆమె అతని చొక్కా గుండీలు విప్పి, చేతులు గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టించింది.

జర్మనీ తుపాకిని గోనెలో చుట్టుకుని డగీ దుకాణానికి వెళ్లడానికి అతనికి వారం పట్టింది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి, లోపల లెన్ గొంతు వినిపించి, చేపల గాలాలు చూస్తున్నట్టు నటించి వెనక్కి వచ్చేశాడు. మూడోసారి లెన్ లేకుండా చూసుకుని వెళ్దామనుకున్నాడు. లెన్ లేని రోజంటూ లేదు.

"మార్చుకోవాలి," అన్నాడు గోనె బల్ల మీద పెట్టి. "ఆ పొట్టిది ఇవ్వు. తేలికదన్నావే, అది."

డగీ కళ్లెత్తకుండా అడిగాడు. దయతోనే అడిగాడేమో. "ఎవరికి?"

ఐవీకి అని చెప్పడానికి దారి తెరిచే ఉంది. లెన్ అప్పుడే నవ్వడానికి నోరు సిద్ధం చేసుకున్నాడు. "పుట్టినరోజు వచ్చేసిందా ఏంటి? రేకు బాతులు కూడా రెండు కట్టించు డగీ!"

"నాకు," అన్నాడు నార్మన్.

తర్వాత జేబుల్లోంచి చేతులు తీసి బల్ల మీద పరిచాడు. ఆ పూట బయట చలి. వేళ్లు మొదళ్ల దాకా తెల్లగా, ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉన్నాయి. లెన్ ఆ వేళ్ల వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. అతని చేతులు మాత్రం జేబుల్లోంచి బయటికి రాలేదు, ఇంకా లోపలికి దిగాయి. తర్వాత అతను కిటికీ వైపు తిరిగి, వాన వచ్చేలా ఉందని ఎవరితోనో అన్నాడు.

ఎల్సీ గుమ్మం ముందు నార్మన్ పొట్టి తుపాకిని విరిచి లాగాడు. వచ్చింది. గుండు పెట్టి గడ్డిలోకి కొట్టాడు. మళ్లీ విరిచాడు. రెండోసారి గొట్టం సగంలో ఆగింది, ఊపిరి పీల్చుకుని లాగితే వచ్చింది. టక్కుమంది. ఆ దెబ్బనీ గడ్డిలోకే వదిలేశాడు. ఎల్సీ పిండి అంటిన చేతులు కట్టుకుని నిలబడి, తుపాకి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వేళ్లనే చూసింది. చూస్తున్నంతసేపూ అతని చెవులు కాలిపోయాయి.

"సరే," అంది. "మునుపటంత దూరం నుంచి కొట్టకు."

"కొట్టను."

"వేళ్లు బాగోని రోజున రాకు."

"రాను."

ఆమె లోపలికి వెళ్లింది. నార్మన్ పొలంలోకి దిగాడు. ఎండలో గోడ నల్లగా, నాచు పట్టి, కొండెక్కుతూ పోతోంది. ఎల్సీ మళ్లీ పేర్చిన చోట మాత్రం రాళ్లు తిరగబడి, ఎన్నడూ వెలుతురు చూడని తెల్లటి ముఖాలు బయటికి తెరుచుకుని, రోడ్డు మీంచి పోయే ఎవరికైనా కనిపించేలా ఉన్నాయి. ఆ రాళ్లకి నాచు పట్టేసరికి నార్మన్ ఉండడు. అతను తల దించుకుని, వాటి పక్కనుంచి, ఖాళీ తుపాకితో నడిచాడు.